జర్మన్ టైమ్‌టేబుల్‌లో నిన్నటి పాఠానికి చోటేది?

ప్రశ్న: నమస్తే అండి. నాకు జర్మన్ ఒక్క ముక్క కూడా రాదు. క్లాసులకు వెళ్ళకుండా ఇంట్లోనే మొదటి నుంచి నేర్చుకుందామనుకుంటున్నాను. ఉద్యోగం ఉంది కాబట్టి పొద్దున గంట, రాత్రి అరగంట దొరుకుతుంది. ఆదివారం మూడు గంటలైనా కూర్చోగలను. ఇదీ నేను వేసుకున్న టైమ్‌టేబుల్: సోమవారం గ్రామర్, మంగళవారం పదాలు, బుధవారం వినడం, గురువారం చదవడం, శుక్రవారం రాయడం, శనివారం మాట్లాడడం, ఆదివారం వారం మొత్తానికి రివిజన్. ఫోన్‌లో ఐదు యాప్‌లు ఉన్నాయి. ఇంతకుముందు రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మూడో వారంలో ఆపేశాను. ఈసారి ఆరు నెలల్లో బీ1 దాకా, అంటే ఏ1, ఏ2 తర్వాత వచ్చే మూడో స్థాయి దాకా వెళ్ళాలని ఉంది. నా ప్లాన్ సరిగ్గానే ఉందా? గ్రామర్ ముందా, పదాలు ముందా? టీచర్ లేకుండా మాట్లాడడం వస్తుందా?

సమాధానం: మీకు దొరికే సమయం చాలు, మీ పట్టుదల కూడా చాలు, రెండుసార్లు ఆపేసి మూడోసారి మళ్ళీ పుస్తకం తీస్తున్నారంటే ఆ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. ప్లాన్ మాత్రం మార్చాలి. మీ టైమ్‌టేబుల్‌లో ప్రతిరోజూ ఏదో ఒక కొత్త విషయానికి చోటుంది కానీ నిన్న చదివినదానికి ఎక్కడా చోటు లేదు, ఉన్న ఒక్క ఆదివారం మీద వారం బరువంతా పడేశారు.

సోమవారం చదివిన గ్రామర్ మళ్ళీ మీ కంటపడేది ఆదివారం, అంటే ఆరు రోజుల తర్వాత. అప్పటికి దానిలో చాలా భాగం పోయి ఉంటుంది. ఇది మీ జ్ఞాపకశక్తిలో లోపం కాదు, అందరి మెదడూ ఇలాగే పనిచేస్తుంది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకంగా ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో చాలా వేగంగా ఉంటుందని, ఆ తర్వాత నెమ్మదిస్తుందని అందులో తేలింది. ఒకే రోజు కూర్చుని గుద్ది గుద్ది చదివినదానికంటే అదే శ్రమను కొన్ని రోజుల మీద పరిస్తే ఎక్కువ నిలుస్తుందని కూడా ఆయనే చూపించాడు. కాబట్టి నేను చెప్పే రొటీన్‌లో రోజూ మొదటి పని నిన్నటి పాఠం, కొత్త పాఠం ఆ తర్వాతే. కొత్తదానికి టైమ్ చాలకపోతే ఆ రోజుకి కొత్తది మానేయండి, పాతది మాత్రం మానొద్దు.

రోజుకో నైపుణ్యం అని పంచడం ఇంకో కారణం వల్ల కూడా కుదరదు. మంగళవారం నేర్చుకున్న పదం ఎలా పలుకుతారో బుధవారం దాకా వినకపోతే మీరు సొంతంగా ఒక ఉచ్చారణ తయారు చేసుకుంటారు, అది ఒకసారి నోటికి పడితే వదిలించుకోవడం కష్టం. ఒక చిన్న పాఠం తీసుకుని అదే రోజు దాన్ని వినాలి, చదవాలి, పైకి పలకాలి, దాంతో రెండు వాక్యాలు రాయాలి. వారంలో ఏ రోజైనా పని అదే, పాఠం ఒక్కటే మారుతుంది. ఈ రోజు ఏం చేయాలి అని ఆలోచించే పని కూడా తప్పుతుంది.

ముందు ఆరు నెలల లెక్క చూద్దాం, ఎందుకంటే తప్పు లెక్క పెట్టుకుంటే నాలుగో నెలలో మీకు మీరే ఫెయిలయినట్టు అనిపిస్తుంది. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ అంచనా ప్రకారం ఏ1 చేరడానికి 45 నిమిషాల పీరియడ్లు 80 నుంచి 200 దాకా పడతాయి, మొదటి నుంచి లెక్కపెడితే ఏ2కి 200 నుంచి 350, బీ1కి 350 నుంచి 650. మీకు రోజుకు గంటన్నర అంటే రెండు పీరియడ్లు, వారానికి ఆరు రోజులు వేసుకుంటే పన్నెండు. ఏమీ రాని స్థితి నుంచి మొదలుపెడుతున్నారు కాబట్టి ప్రతిదానిలో పెద్ద అంకే తీసుకుందాం: ఏ1కి దాదాపు నాలుగు నెలలు, ఏ2కి ఏడు నెలలు, బీ1కి ఏడాది పైన. పైగా ఇవి టీచర్ ముందు కూర్చున్న గంటలు, హోంవర్క్ వీటిలో లేదు. అందుకని ఆరు నెలలకు మీ లక్ష్యం బీ1 కాదు, ఏ1 గట్టిగా పూర్తయి ఏ2లో సగం దూరం. బీ1కి ఏడాది నుంచి ఏడాదిన్నర ఇవ్వండి. మూడు నెలల్లో బీ1 అని ఎవరైనా చెబితే, వాళ్ళు రోజంతా అదే పనిగా కూర్చున్నవాళ్ళయినా అయ్యుండాలి, ముందే కొంత వచ్చినవాళ్ళయినా అయ్యుండాలి.

ఇక యాప్‌లు. ఐదింటిలో నాలుగు తీసేయండి. మీకు కావాల్సింది ఒక కోర్సు, పదాలు గుర్తుపెట్టుకోవడానికి ఒక కార్డుల యాప్, అంతే. డాయ్‌చ వెల్లె అనే జర్మన్ ప్రసార సంస్థ ‘నీకోస్ వేక్’ అనే కోర్సును ఉచితంగా ఇస్తోంది, స్పెయిన్ నుంచి జర్మనీకి వచ్చిన నీకో అనే కుర్రాడి కథ చుట్టూ చిన్న చిన్న వీడియోలు, వాటి కింద అభ్యాసాలు ఉంటాయి, ఏ1 నుంచి బీ1 దాకా మొత్తం ఉంది. అక్కడి వయోజన విద్యా కేంద్రాల సంఘం నడిపే ‘ఫావ్ హా ఎస్ లెర్న్‌పోర్టాల్’ కూడా ఉచితమే, బాగుంటుంది. ఆడియో ఉన్న మంచి పాఠ్యపుస్తకం మీ దగ్గర ఉంటే అదీ సరే. వీటిలో ఏది మంచిది అని వారం రోజులు వెతకొద్దు, మూడింటిలో ఏదైనా ఏ1 దాటిస్తుంది. ఒకటి ఎంచుకున్నాక దాని చివరి పాఠం అయ్యేదాకా ఇంకోదాని జోలికి పోవద్దు. రెండు కోర్సులు కలిపి చదివితే రెండిట్లోనూ మొదటి పది పాఠాలే బాగా వస్తాయి, మీకు ముందు రెండుసార్లు జరిగింది కూడా కొంతవరకు ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

మొదటి రెండు వారాలు గ్రామర్ ఊసే వద్దు, శబ్దాలు పట్టుకోండి. గ్రామర్ ముందా పదాలు ముందా అని అడిగారు కదా, రెండిటికంటే ముందు చెవి, నోరు. అదృష్టం ఏమిటంటే జర్మన్ స్పెల్లింగ్ చాలావరకు నియమం ప్రకారం నడుస్తుంది, ఇంగ్లిష్‌లా ఒకే అక్షరాన్ని పది రకాలుగా చదవదు. రెండు వారాల్లో నియమాలు పట్టేస్తే కొత్త పదం ఏది కనబడినా దాదాపు సరిగ్గా చదవగలుగుతారు. ఇంగ్లిష్ డబ్ల్యూ అక్కడ ‘వ’, అదే వీ అక్షరం ఎక్కువసార్లు ‘ఫ’, జెడ్ అంటే ‘త్స’, అచ్చు ముందు వచ్చే ఎస్ ‘జ’. ఈ, ఐ పక్కపక్కన ఉంటే ‘ఐ’, అవే తిరగబడితే ‘ఈ’. పదం మొదట్లో ఎస్‌టీ వస్తే ‘ష్ట’, ఎస్‌పీ వస్తే ‘ష్ప’. పదం చివర బీ, డీ, జీ ఉంటే అవి గట్టిపడి ప, ట, క అవుతాయి.

తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక పెద్ద లాభం ఉంది, హ్రస్వం దీర్ఘం తేడా మనకు పుట్టుకతో వచ్చింది, జర్మన్‌లో ఆ తేడాతో అర్థాలే మారతాయి. మూడు చిక్కులు కూడా ఉన్నాయి. హల్లుతో ఆగే పదానికి చివర చిన్న ‘ఉ’ తగిలించడం మన అలవాటు, ‘గూట్’ అన్నది ‘గూటు’ అయిపోతుంది, రికార్డు చేసుకుని వింటేగానీ ఇది మీకు తెలియదు. పదం మొదట్లో వచ్చే ప, ట, క శబ్దాలకు వాళ్ళు కొంచెం గాలి విడుస్తారు, మనం విడవం. ‘ఫ’ని రెండు పెదవులతో కాకుండా పై పళ్ళు కింది పెదవికి ఆనించి పలకాలి.

తెలుగులో లేని శబ్దాలు కొన్ని ఉన్నాయి. యూ మీద రెండు చుక్కలు పెట్టే అచ్చుకు నాలుకను ‘ఈ’ అనేటప్పుడు ఎక్కడ ఉంచుతారో అక్కడే ఉంచి పెదవులను మాత్రం ‘ఊ’ అన్నట్టు గుండ్రంగా చుట్టాలి. ఓ మీద రెండు చుక్కలుంటే నాలుక ‘ఏ’ దగ్గర, పెదవులు ‘ఓ’లా. ఇక సీహెచ్‌ది రెండు రకాల పలుకు: ఆ, ఓ, ఊ తర్వాత గొంతులోంచి వచ్చే ‘ఖ్’ లాంటి గరగర, ఇ, ఎ లాంటి అచ్చుల తర్వాత ‘హ్య’కీ ‘ష’కీ మధ్య పడే మెత్తని ఊపిరి. ‘నేను’కి జర్మన్ మాట ‘ఇష్’ చివర ఉన్నది ఈ రెండోదే. ఈ జవాబులో నేను జర్మన్‌ను తెలుగు లిపిలో రాస్తున్నాను, వేరే దారి లేదు, కానీ మీ నోట్‌బుక్‌లో పదం పక్కన తెలుగులో ఉచ్చారణ రాసుకోవద్దు. రాసుకుంటే కన్ను దాన్నే చదువుతుంది, ఆ రెండు చుక్కల అచ్చులన్నీ ‘యూ’లూ ‘ఓ’లూ అయిపోతాయి. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఆడియో వినండి. ఫోన్‌లో జర్మన్ కీబోర్డు కూడా మొదటి రోజే పెట్టుకోండి.

శబ్దాల రెండు వారాలు, వాటినే తిరగేసే మూడో వారం (దాని సంగతి తర్వాత చెబుతాను) అయ్యాక రోజు ఇలా నడుస్తుంది. పొద్దున కూర్చోగానే కార్డులు, పదిహేను నిమిషాలు. అంకీ అనే యాప్ వాడండి, కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. మీరు ఏ కార్డు ఎంత బాగా గుర్తుపెట్టుకున్నారో చూసి అది మళ్ళీ ఎప్పుడు చూపించాలో అదే తేల్చుకుంటుంది. తర్వాత పది నిమిషాలు నిన్నటి పాఠం ఆడియో పెట్టి, ఒక్కో వాక్యం దగ్గర ఆపుతూ పైకి పలకాలి, గొణుక్కోవడం కాదు, పక్క గదిలోకి వినబడేంత గట్టిగా. ఆ తర్వాత పాతిక నిమిషాలు కొత్త పాఠం: మొదట పుస్తకం చూడకుండా వినడం, రెండోసారి చూస్తూ వినడం, ఆపైన అభ్యాసాలు. చివరి పది నిమిషాలు ఆ పాఠంలోని వాక్యాల మీద మీ సొంత జీవితం గురించి ఐదు వాక్యాలు రాయడం. పాఠంలో నీకో తన ఉద్యోగం గురించి చెబితే మీరు మీ ఉద్యోగం గురించి రాయండి.

రాత్రి అరగంటలో కొత్తది ఏదీ వద్దు, అలిసి ఉంటారు. పొద్దున విన్న ఆడియోనే మళ్ళీ రెండు మూడు సార్లు విని, పొద్దున రాసిన ఐదు వాక్యాలను కాగితం చూడకుండా చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకుని, మిగిలిన సమయంలో రేపటి కార్డులు తయారు చేసుకోండి. కార్డులు మీరే తయారు చేసుకోవాలని గట్టిగా చెబుతాను, వేరేవాళ్ళు చేసిన వేల కార్డుల కట్టలు దొరుకుతాయి కానీ వాటిలో మాట మీకు ఎక్కడ ఎదురైందో గుర్తుండదు. మీ కార్డు మీద ఒంటరి పదం కాకుండా పాఠంలోని చిన్న వాక్యమే ఉండాలి.

రోజుకు ఎనిమిది కొత్త పదాలు చాలు. గోథే వాళ్ళ ఏ1 పదాల జాబితాలో ఉన్నవి ఉజ్జాయింపుగా 650, రోజుకు ఎనిమిదైతే మూడు నెలల పైచిలుకులో అయిపోతాయి, మన నాలుగు నెలల లెక్కలో సరిపోతుంది. ఉత్సాహం వచ్చి ఒకరోజు ముప్ఫై చేర్చారనుకోండి, వారం తిరిగేసరికి పొద్దున కార్డులే నలభై నిమిషాలు తినేస్తాయి. కార్డులు పేరుకుపోతే కొత్తవి ఆపి పాతవి తగ్గేదాకా ఆగండి.

ప్రతి నామవాచకాన్నీ దాని ముందు వచ్చే ‘డేర్, డీ, డాస్’లలో ఒకదానితో, వెనక బహువచనంతో కలిపే నేర్చుకోవాలి, ఇందులో మాత్రం రాజీ వద్దు. మనకు వస్తువులన్నీ నపుంసకమే, అక్కడ టేబుల్ పుంలింగం, లాంప్ స్త్రీలింగం, పుస్తకం నపుంసకం. ఎందుకు అని అడిగితే చాలావాటికి జవాబు లేదు. కొన్ని చోట్ల పదం చివర చూసి చెప్పొచ్చు: ‘ఉంగ్’, ‘హైట్’, ‘కైట్’, ‘షాఫ్ట్’ ప్రత్యయాలతో ముగిసేవి స్త్రీలింగం, చిన్నది అనే అర్థంలో ‘షెన్’ చేర్చినవన్నీ నపుంసకం, అందుకే ‘అమ్మాయి’ అనే మాట కూడా అక్కడ నపుంసకలింగంలో ఉంటుంది. మిగతావి పదంతో పాటే కంఠస్థం. తర్వాత నేర్చుకుందాంలే అని లింగం వదిలేస్తే రెండు నెలల తర్వాత విభక్తులు వచ్చినప్పుడు నేర్చుకున్న పదాలన్నీ మళ్ళీ నేర్చుకోవాల్సి వస్తుంది.

విభక్తులంటే చాలామంది భయపడతారు, ఆపేయడానికి అవే కారణమని చెబుతారు. తెలుగు తెలిసినవాళ్ళకు ఆ భయం అక్కర్లేదు, దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను. మన ‘ను’, ‘కు’లతో చేసే పనినే జర్మన్‌లో అక్కుజాటివ్, డాటివ్ చేస్తాయి. ‘నాకు చలిగా ఉంది’ అనడానికి వాళ్ళు ‘మీర్ ఇస్ట్ కాల్ట్’ అంటారు, ఆ ‘మీర్’ అచ్చంగా మన ‘నాకు’. ‘నాకు ఆ పుస్తకం నచ్చింది’ అన్నదాన్ని ఇంగ్లిష్ మీదుగా వెళితే ‘నేను ఇష్టపడుతున్నాను’ అని తిప్పుకోవాలి, జర్మన్‌లో ‘మీర్ గెఫెల్ట్ డాస్ బూఖ్’ అని నేరుగా అనేయొచ్చు. సాయం చేయడం, థాంక్స్ చెప్పడం, జవాబివ్వడం మనకు ‘నీకు’తో వస్తాయి, వాళ్ళకూ డాటివ్‌తోనే వస్తాయి. అడగడం మనకు ‘నన్ను’తో వస్తుంది, వాళ్ళకూ అక్కుజాటివే. ‘వంటింట్లోకి వెళ్తున్నాను’, ‘వంటింట్లో ఉన్నాను’ అన్న తేడాను మనం ‘లోకి’, ‘లో’లతో చూపిస్తే వాళ్ళు ‘ఇన్’ అనే ఒకే మాట తర్వాత విభక్తి మార్చి చూపిస్తారు, మొదటిదానికి అక్కుజాటివ్, రెండోదానికి డాటివ్. అన్నీ ఇలాగే కలవవు, ‘నీకు ఫోన్ చేస్తాను’ దగ్గర వాళ్ళది అక్కుజాటివ్, అలాంటివి కనబడినప్పుడు కార్డు చేసుకోండి. పైగా అక్కుజాటివ్‌లో ఆ మూడు మాటల్లో మారేది పుంలింగానిది ఒక్కటే, ‘డేర్’ కాస్తా ‘డేన్’ అవుతుంది, మిగతా రెండూ అలాగే ఉంటాయి.

క్రియ చివరికి వెళ్ళడం కూడా మనకు అలవాటైన పనే. ‘వాడు రేపు వస్తాడని నాకు తెలుసు’ అన్నదాన్ని వాళ్ళు ‘నాకు తెలుసు’తో మొదలుపెట్టినా, తర్వాతి భాగంలో వాడు, రేపు, వస్తాడు అన్న వరసే ఉంటుంది, క్రియ చివర. మామూలు వాక్యంలో మాత్రం క్రియ రెండో స్థానంలో కూర్చుంటుంది, ‘ఈరోజు’తో మొదలుపెడితే వెంటనే క్రియ, ఆ తర్వాతే ‘నేను’: ‘హొయ్‌టె లెర్నె ఇష్ డొయ్‌చ్’. తెలుగువాళ్ళు ఎక్కువగా తడబడేది ఈ రెండో స్థానం దగ్గరే కాబట్టి పొద్దున రాసే ఐదు వాక్యాల్లో కనీసం రెండింటిని ఈరోజు, రేపు, ఇంట్లో లాంటి మాటలతో మొదలుపెట్టండి. ‘డు’, ‘జీ’ అనే నువ్వు, మీరు తేడా గురించి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. జర్మన్‌ను ఇంగ్లిష్‌లోంచి కాకుండా తెలుగులోంచి చూడండి అని నేను గట్టిగా అనేది ఇందుకే, పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉన్నా మీ నోట్‌బుక్‌లో వాక్యం అర్థం తెలుగులో రాసుకోండి.

గ్రామర్‌లో వరస మీ కోర్సు ఎలా ఇస్తే అలా పోండి, ముందుకు దూకొద్దు. విశేషణాల చివర మారే అక్షరాల పట్టికలు ఎక్కడో కనబడతాయి, వాటిని ఏ1లో ముట్టుకోవద్దు, బీ1 దాకా అవి తప్పులు పోతూనే ఉంటాయి, మాట అర్థం కావడానికి పెద్దగా అడ్డం రావు. అంకెల మీద మాత్రం విడిగా సమయం పెట్టండి. 21 అనడానికి ‘ఒకటీ ఇరవై’ అన్నట్టు ముందు ఒకట్లు, తర్వాత పదులు చెబుతారు, ఫోన్ నంబరు రెండేసి అంకెలుగా చెబితే వినేటప్పుడు తలకిందులుగా రాసేస్తాం. టైమ్ చెప్పేటప్పుడు ‘హాల్ప్ డ్రై’ అంటే రెండున్నర, మూడున్నర కాదు. పరీక్షలో వినే భాగంలో ధరలు, టైములు, నంబర్లు ఎక్కువగా వస్తాయి, మార్కులు ఇక్కడే పోతాయి. వారానికి రెండుసార్లు ఐదేసి నిమిషాలు వింటూ అంకెలు రాయండి.

టీచర్ లేకుండా మాట్లాడడం వస్తుందా అన్నదానికి: ఏ1, ఏ2 స్థాయి దాకా చాలావరకు వస్తుంది, రోజూ నోరు తెరిస్తే. ఏ1 మౌఖిక పరీక్షలో అడిగేవి ఊహించదగ్గవే. మొదట మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోవాలి, పేరు, ఊరు, భాషలు, ఉద్యోగం, ఇష్టమైన పనులు, ఆపైన పేరు స్పెల్లింగ్ ఒక్కో అక్షరం చెప్పమంటారు, నంబరు చెప్పమంటారు. తర్వాత కార్డు మీద ఉన్న మాట చూసి పక్కవాళ్ళను ప్రశ్న అడగడం, వాళ్ళ ప్రశ్నకు జవాబివ్వడం, చివరగా ఏదైనా కావాలని మర్యాదగా అడగడం. ఇవన్నీ ఒంటరిగా ప్రాక్టీస్ చేయొచ్చు. రాత్రి రికార్డింగును కోర్సు ఆడియో పక్కన పెట్టి వినండి, మొదటి వారం మీ గొంతు మీకే నచ్చదు, అయినా వినండి. ప్రశ్నలు వేయడం మాత్రం అందరూ మరిచిపోతారు. ఐదు జవాబులు రాస్తే వాటికి ఐదు ప్రశ్నలు కూడా తయారు చేసుకోండి.

రాతలో తప్పులు మీకు మీరే పట్టుకోలేరు, దానికి మాత్రం ఇంకో మనిషి కావాలి. మూడో నెల నుంచి వారానికి ఒకసారి, జర్మన్ బాగా వచ్చినవాళ్ళెవరైనా దొరికితే అరగంట మాట్లాడండి, భాషలు ఇచ్చిపుచ్చుకునే భాగస్వామి దొరికినా మంచిదే. ఏఐ చాట్ టూల్స్‌తో దిద్దించుకోవచ్చు, అయితే వాక్యం ముందు మీరే రాసి, తప్పు ఎక్కడ, ఎందుకు అని అడగండి. రాసిపెట్టమని అడిగితే మీకు ఏమీ మిగలదు. బీ1కి వెళ్ళేటప్పుడు మాట్లాడే భాగానికైనా కొన్ని వారాలు టీచర్‌ను పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆ మూడో వారం సంగతి. మీరు అక్కడే రెండుసార్లు ఆగడం యాదృచ్ఛికం కాదు. అప్పటికి మొదటి పాఠాల్లోని పదాలు మరుపున పడతాయి, కొత్త పాఠాలు మాత్రం అవి వచ్చనే అనుకుని ముందుకు పోతుంటాయి, కోర్సులో అక్కుజాటివ్ తలెత్తుతుంది, మొదట్లో ఉన్న ఉత్సాహం తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే ఆఫీసులో ఏదో పని పడి రెండు రోజులు పోతాయి, పోయినవాటిని ఆదివారం పూడ్చాలనుకుని కూర్చుంటే అది అవ్వదు, టెన్షన్ మొదలవుతుంది, అంతే. దీనికి విరుగుడుగా రెండు పనులు చేయండి. మూడో వారాన్ని ముందే కొత్త పాఠాలు లేని వారంగా రాసిపెట్టుకోండి, ఆ వారమంతా మొదటి రెండు వారాల్లో నేర్చిన శబ్దాలు, వాక్యాలు మళ్ళీ వినడం, పలకడం, రాయడం. గ్రామర్ పాఠాలు నాలుగో వారంలో మొదలవుతాయి. ఆ తర్వాత కూడా ప్రతి నాలుగైదు వారాలకొకసారి ఇలాంటి వారం పెట్టండి. రెండోది, కుదరని రోజుకి పది నిమిషాల పని ఏమిటో ఇప్పుడే తేల్చుకోండి: కార్డులు, ఒక పాత ఆడియో, అంతే, అది చేస్తే ఆ రోజు పూర్తయినట్టే లెక్క. అది కూడా కుదరలేదా, మరుసటి రోజు మామూలు గంటన్నరే చేయండి. పోయిన రోజు బాకీ తీర్చడానికి మూడు గంటలు కూర్చోవద్దు.

ఆదివారం మూడు గంటలు కూడా వద్దు, ఒక గంట చాలు. ఆ గంటలో పుస్తకం మూసి, వారంలో చదివిన ఒక్కో పాఠం గురించి గుర్తున్నదంతా జర్మన్‌లో చెప్పండి లేదా రాయండి, తర్వాత తెరిచి ఏం తప్పిపోయిందో చూడండి. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ కష్టమే రివిజన్. మిగతా రెండు గంటలు మీ ఇష్టం. జర్మన్ వినాలనిపిస్తే యూట్యూబ్‌లో ఈజీ జర్మన్ ఛానల్‌లో వీధిలో మనుషులను పలకరించే వీడియోలుంటాయి, జర్మన్, ఇంగ్లిష్ రెండు సబ్‌టైటిల్సూ ఇస్తారు. ఏ1లో సగం కూడా అర్థం కాదు, కానీ కోర్సు బయట మనుషులు ఎంత వేగంగా మాట్లాడతారో తెలుస్తుంది. డాయ్‌చ వెల్లె నెమ్మదిగా చదివే వార్తలు పేరు చూసి మొదట్లోనే మొదలుపెడతారు చాలామంది. అవి నెమ్మదిగా ఉంటాయే గానీ భాష పై స్థాయిది, బీ1 దాటాక చూద్దురుగాని.

నాలుగో నెల చివర గోథే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే ఏ1 నమూనా పేపరు తీసి, టైమ్ పెట్టుకుని రాయండి. అసలు పరీక్షలో పాస్ కావాలంటే 100కి 60 రావాలి, ఇంట్లో మాత్రం 80 వచ్చేదాకా ఏ2 తెరవొద్దు. తక్కువ వస్తే ఏ భాగంలో పోయాయో చూడండి. వినడంలో అయితే పాత పాఠాల ఆడియోలనే ఇంకో మూడు వారాలు, రాయడంలో అయితే చిన్న ఉత్తరాలు, ఫారాలు. సర్టిఫికెట్ ఉద్యోగానికో వీసాకో కావాలంటే ఏ స్థాయి అడుగుతున్నారో, ఏ సంస్థ పరీక్షను ఒప్పుకుంటారో సంబంధిత ఆఫీసునే అడిగి తెలుసుకున్నాకే ఫీజు కట్టండి, గోథేతో పాటు టెల్క్, ఓఎస్‌డీ పరీక్షలు కూడా ఉన్నాయి, అన్ని చోట్లా అన్నీ చెల్లకపోవచ్చు. అప్పుడు మీ మార్కులు, ఏ భాగంలో ఎంత వచ్చిందీ రాసి మళ్ళీ ఉత్తరం పంపండి, ఏ2 రొటీన్ వాటిని చూసి వేద్దాం.